అంచనా తప్పిన పిల్ల

పాఠశాల ఫలితాల అంచనా మండలి వారు అబద్ధమాడారని మాత్రం ఎవరూ అనకూడదు. వాళ్ళు చెప్పిందంతా నిజమే. నాగరాయిపేట హైస్కూల్లో పదో తరగతి చదివిన పిల్లలు పాతికేళ్ళు వచ్చేసరికి సగటున నెలకి ముప్ఫై ఒక్క వేలు సంపాదిస్తున్నారు. అక్కణ్ణించి ఏటిపాయ దాటి రెండు మైళ్ళు ఇవతలికొస్తే పిప్పళ్ళలంక. ఆ లంక హైస్కూల్లో చదివినవాళ్ళు సంపాదించేది తొమ్మిది వేల నాలుగొందలు. పేట పిల్లల్లో పదిమందికి ఏడుగురు కాలేజీ గడప తొక్కుతున్నారు. లంక పిల్లల్లో పదిమందికి ఒక్కడు తొక్కుతున్నాడు, వాడు కూడా దసరా సెలవులకి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళడు. మండలి వారు మూడేళ్ళు తిరిగి, పదమూడు సంపుటాలు రాసి, ఈ తేడాకి కారణం కులం కాదు, ఊరు కాదు, పిల్లల బుర్రలు అసలే కాదు, కేవలం బడి అని తేల్చారు. పేట బడికి ఇరవై ఇద్దరు టీచర్లు, సైన్సు ల్యాబు, లైబ్రరీ ఉన్నాయి. లంక బడికి నలుగురు టీచర్లు, అయిదు గదులు ఉన్నాయి, వాన పడితే మూడు గదులు.

ఇంతవరకూ చదివిన ఏ మామూలు మనిషికైనా, అయితే లంక బడికి ఇంకో నలుగురిని పంపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా అనిపించేవాళ్ళని మండలిలోకి తీసుకోరు. మండలి వారికి తట్టింది వేరు. ఇంత కచ్చితంగా తెలిసిన విషయం పిల్లలకి మాత్రం తెలియడం లేదు. తెలియక ఆశపడుతున్నారు, ఆశపడి కాలేజీలకి దరఖాస్తులు పెడుతున్నారు, దానివల్ల బోలెడు కాగితం వృథా అవుతోంది. అందుకని ఆ ఏటి నుంచి ప్రతి టీసీలోనూ, పుట్టుమచ్చల వివరాల కింద, ఒక కొత్త గడి చేర్చారు. దాని పేరు 'ఇరవై అయిదో ఏట రాగల జీతం'. బడిని బట్టి అంకె మండలి వారే పంపుతారు. హెడ్మాస్టరు ఆ అంకెని సిరాతో వేసి సంతకం పెట్టాలి.

పిప్పళ్ళలంకలో ఆ సంతకం పెట్టాల్సినవాడు అవతారం మాస్టారు. ఆయన అసలు ఉద్యోగం తెలుగు పండితుడు. హెడ్మాస్టరు రిటైరై ఆరేళ్ళయింది. కొత్తాయన వచ్చేదాకా ఇన్‌చార్జిగా ఉండమని ఈయనకి తాళాలగుత్తి ఇచ్చారు. ఆ తాళాలు జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడు, కొత్తాయన జాడ లేదు. నలుగురు టీచర్లలో తెలుగు ఈయనే, సోషలు ఒకరు, ఇంగ్లీషు ఒకరు, డ్రిల్లు ఒకరు. సైన్సు పాఠాలు డ్రిల్లు మాస్టారు చూసుకుంటాడు, ఎముకల గురించి ఆయనకి కొంత తెలుసునని.

కొత్త గడి గురించి జిల్లా కేంద్రంలో హెడ్మాస్టర్లందరికీ రెండ్రోజుల శిక్షణ పెట్టారు. మండలి ఉప సంచాలకులు సర్వోత్తమరావు గారు స్వయంగా వచ్చారు. మనిషి తెల్లగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంటాడు. మాట కూడా అంతే. ఆశాధిక్యత అనేది సామాజిక రుగ్మత అనీ, దానికి టీసీలోనే చికిత్స ఉండాలనీ ఆయన గంటన్నర సేపు వివరించారు. వనరులని అంచనాకి అనుగుణంగా హేతుబద్ధీకరిస్తామన్నారు. అంటే ఎక్కువ జీతం రాబోయే పిల్లలకి ఎక్కువమంది టీచర్లు. తొమ్మిది వేల నాలుగొందల జీతగాడికి జీవితంలో ఎన్ని లెక్కలు అవసరపడతాయో కూడా మండలి నిపుణులు లెక్కకట్టారు. కూడిక చాలునట, తీసివేత ఐచ్ఛికమట. ఆ లెక్క ప్రకారమే లంక బడి లెక్కల మాస్టారిని మూడేళ్ళ కిందటే తీసుకెళ్ళి పేట బడిలో నాలుగో లెక్కల మాస్టారుగా వేశారు.

అవతారం మాస్టారు సభల్లో నోరు విప్పే మనిషి కాడు. కానీ ఆ రోజు లేచి నిలబడ్డాడు.

"లంక బడికి లెక్కల మాస్టారిని తిరిగి ఇచ్చేస్తే ఆ తొమ్మిది వేల నాలుగొందలు పెరుగుతుంది కదండీ?"

సర్వోత్తమరావు గారు చిన్నపిల్లల్ని చూసినట్టు చూశారు.

"పెరుగుతుంది, నిస్సందేహంగా పెరుగుతుంది. అప్పుడు మండలి వేసిన అంచనా తప్పుతుంది. పదమూడు సంపుటాల కృషిని ఒక్క లెక్కల మాస్టారి నిమిత్తం బలిపెట్టమని తమరి అభిప్రాయమా?"

హాలంతా చప్పట్లు కొట్టింది. అవతారం మాస్టారు కూర్చున్నాడు. పక్కనున్న హెడ్మాస్టరు ఆయన మోచెయ్యి పట్టుకుని, ఇలాంటివి అడిగితే ఇంక్రిమెంటు ఆగిపోతుందని హితవు చెప్పాడు.

ఆ గడి వచ్చాక లంకలో మొదట సంతోషించినవాడు రొయ్యల షెడ్డు యజమాని. ఆ చుట్టుపక్కల ఆడపిల్లలకి దొరికే ఉద్యోగం అదే, ఐసులో పెట్టిన రొయ్యలకి తలలు తీయడం. అంతకుముందు పది పాసైన పిల్ల వస్తే బేరమాడి పదకొండు వేలన్నా తీసుకునేది. ఇప్పుడాయన ముందు టీసీ చూపించమంటున్నాడు. గవర్నమెంటు వాళ్ళే తొమ్మిది వేల నాలుగొందలని రాసి సంతకం పెట్టాక, ఎక్కువివ్వడానికి నేనెవర్ని అంటున్నాడు. పాత విద్యార్థుల టీసీల మీద కూడా ముద్ర వేయించుకోవాలని మండలి ఉత్తర్వు వేసింది. ఎప్పుడో చదివి పన్నెండు వేలకి పనిచేస్తున్నవాళ్ళకి కూడా జీతం సర్దేశారు. కాలేజీలు ఇంకా తెలివైనవి. పదిహేను వేలలోపు అంచనా ఉన్న పిల్లలకి చదువు అనవసర భారమని చెప్పి దరఖాస్తు ఫారాలే ఇవ్వడం మానేశాయి.

దాంతో ఏడాది తిరిగేసరికి మండలి అంచనాలు ఒకదాని వెంట ఒకటి నిజమైపోయాయి. నిజమవక ఏం చేస్తాయి? అంతకుముందు నూటికి డెబ్భై ఒకటిగా ఉన్న కచ్చితత్వం తొంభై తొమ్మిదికి వచ్చింది. ఇంత నిక్కచ్చిగా పిల్లల భవిష్యత్తు చెప్పిన శాఖ దేశంలో మరొకటి లేదని సర్వోత్తమరావు గారికి ఒక జాతీయ పురస్కారం ప్రకటించారు.

లంక బడిలో అప్పుడు పదో తరగతిలో ముప్ఫై ఒక్కమంది. వాళ్ళలో మోకా సత్యవేణి అనే పిల్ల ఒకతె. తండ్రి లేడు. తల్లి ధనమ్మ ఆ రొయ్యల షెడ్డులోనే పధ్నాలుగేళ్ళుగా తలలు తీస్తోంది. ఐసులో నాని నాని ఆవిడ వేళ్ళు ముడుచుకుపోయి, అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా తెరుచుకోవు. కూతురు పాలిటెక్నిక్‌లో చేరాలన్నది ఆ తల్లికున్న ఒకే ఒక్క పట్టుదల. పాలిటెక్నిక్ అంటే ఏం చదువో ఆవిడకి తెలియదు. అక్కడ ఐసు ఉండదని తెలుసు.

సత్యవేణి ఒకరోజు తెలుగు క్లాసయ్యాక నిలబడి, అన్ని సబ్జెక్టులూ ఎలాగో చదువుతున్నాం, లెక్కల పుస్తకం మాత్రం అట్ట కూడా నలగలేదు, పరీక్షలో ఏం రాయమంటారని అడిగింది. అవతారం మాస్టారు ఆ సాయంత్రమే సైకిలేసుకుని పేటకెళ్ళి ఒక గైడు కొనుక్కొచ్చాడు. ఆయనకి పదో తరగతిలో లెక్కల్లో ముప్ఫై ఎనిమిది మార్కులు. ఆ ముప్ఫై ఎనిమిది కూడా దేవుడి దయ అని ఆయనే చెప్పుకునేవాడు. అలాంటివాడు యాభై ఆరేళ్ళ వయసులో పొద్దున్నే లేచి త్రికోణమితి నేర్చుకుని, తొమ్మిదింటికి బడికెళ్ళి దాన్ని పిల్లలకి చెప్పడం మొదలుపెట్టాడు. పద్యం చెప్పే అలవాటు కదా, సూత్రాలని కూడా రాగం తీసి చెప్పేవాడు, పిల్లలు నవ్వుతూనే కంఠతా పట్టేశారు. దీపావళి నాటికి సత్యవేణి ఆయన తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పిల్లే బోర్డు దగ్గర నిలబడి మిగతా ముప్ఫైమందికీ చెబుతుంటే, మాస్టారు ఆఖరి బెంచీలో కూర్చుని నోట్సు రాసుకునేవాడు. ఆయన సర్వీసులో అంత సంతోషపడిన రోజులు ఇంకేవీ లేవు.

ఫలితాలు వచ్చాయి. సత్యవేణికి లెక్కల్లో తొంభై ఏడు, మొత్తం మీద అయిదు వందల అరవై ఎనిమిది. పేట బడిలో మొదటివాడికి వచ్చింది అయిదు వందల నలభై తొమ్మిది. లంకలో ఆ రోజు కొట్టువాడు బెల్లం మిఠాయి ఊరికే పంచాడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో కూడా పిల్లకి మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగు గురువారం. ధనమ్మ షెడ్డులో సెలవు చెప్పి, ఉన్నవాటిలో మంచి చీర ఉతికి ఆరేసింది.

సోమవారం నాడు జీపు వచ్చింది.

జీపులోంచి సర్వోత్తమరావు గారు, టేపు పట్టుకున్న ఒక సహాయకుడు దిగారు. చేతిలో ఉన్న కాగితం మీద 'విచలన విచారణ' అని ఉంది. అంచనాకి మించిన ఫలితం వచ్చిన చోట మండలి చేసే తనిఖీకి అది పేరు. తక్కువ వస్తే విచారణ లేదా అని అవతారం మాస్టారు అడిగాడు. తక్కువ వస్తే ఎవరికీ అనుమానం రాదని సహాయకుడు చెప్పాడు.

ముందు బడిని కొలిచారు. ల్యాబు లేదని రాసుకున్నారు. లైబ్రరీ అనబడే బీరువా తెరిస్తే అందులో బూజుపట్టిన చాపలు, వాలీబాల్ నెట్టు ఉన్నాయని రాసుకున్నారు. కప్పు చూసి, కారే చోట్లు పదకొండని రాసుకున్నారు. ప్రతి లోపాన్నీ రాసుకుంటున్నకొద్దీ సర్వోత్తమరావు గారి ముఖం విప్పారుతోంది. ఈ పరిస్థితుల్లో పిల్లలు చదువుకోవడం సాధ్యం కాదని ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. ఆ మాట ఆరేళ్ళుగా తన ఉత్తరాలన్నిటిలోనూ రాసింది తనేనని అవతారం మాస్టారు చెప్పబోయాడు గానీ ఆయన పిల్లని పిలవమన్నారు.

సత్యవేణి వచ్చింది. బోర్డు మీద లెక్క వేశారు, కొండ మీద స్తంభం, కింద పడవ, రెండు కోణాలు. పిల్ల సుద్దముక్క తీసుకుని అయిదు నిమిషాల్లో చేసేసింది. సహాయకుడు గైడు తిప్పి చూసి, సరిగ్గానే ఉందండీ అన్నాడు. సర్వోత్తమరావు గారు నిట్టూర్చారు.

"అదే సమస్య. తప్పు చేసి ఉంటే కాపీ అని ముగించేవాళ్ళం. సరిగ్గా చేయడం ద్వారా ఈ బాలిక విచలనాన్ని తీవ్రతరం చేసింది." అని మాస్టారివైపు తిరిగారు. "ఈ పాఠశాలకి గణిత ఉపాధ్యాయ పోస్టు లేదు. ఈ బాలికకి గణితం ఎవరు బోధించారు?"

"నేనేనండీ."

"తమరు తెలుగు పండితులు కదా?"

"అవునండీ. రాకపోతే నేర్చుకుని చెప్పాను."

ఆయన ఆ మాట రాసుకోమని సహాయకుడికి సైగ చేశారు. సహాయకుడు దాన్ని 'అనధికార బోధన' అని రాశాడు. పోస్టు లేని సబ్జెక్టుని, అర్హత లేని వ్యక్తి, ఉన్నతాధికారుల అనుమతి లేకుండా, పని వేళల్లోనే బోధించినట్టు అంగీకారం. సస్పెన్షన్‌కి సరిపోయేంత నేరమేనని సర్వోత్తమరావు గారు సానుభూతితో చెప్పారు. పెన్షన్ దగ్గర పడిన మనిషి ఇలా చేయకుండా ఉండాల్సిందని కూడా అన్నారు.

అవతారం మాస్టారికి ఒళ్ళు మండింది. కానీ ఆయన దృష్టంతా గురువారం మీద ఉంది. ఈ పిల్ల టీసీ మీద తొమ్మిది వేల నాలుగొందలని ఉంటే పాలిటెక్నిక్ వాళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. అంకె మార్చమని బతిమాలాడు. ఒక్క పిల్లకి మార్చడం కుదరదట, బడి మొత్తానికే మార్చాలట. బడి మొత్తానికి మారిస్తే లంక బడి మంచి బడి అయిపోతుంది. కప్పు కారే, లెక్కల మాస్టారు లేని బడి మంచి బడైతే పదమూడు సంపుటాలు గోదాట్లో కలపాలి. అది కాకుండా పురస్కారం ఢిల్లీలో వచ్చే పదిహేనో తారీకున ఇస్తున్నారు, టిక్కెట్లు కూడా తీసేశారు. కాబట్టి పిల్ల కాపీ కొట్టిందని రాసి మార్కులు రద్దు చేయడమే అందరికీ శ్రేయస్కరమని సర్వోత్తమరావు గారి అభిప్రాయం. అలా రాస్తే అనధికార బోధన కూడా జరగనట్టే లెక్క, మాస్టారి పెన్షన్ కూడా భద్రంగా ఉంటుంది.

"కాపీ కొట్టిందని నేను రాయను. మీరు చూస్తుండగా చేసింది కదండీ."

"చూశాం. చూసింది నివేదికలో ఉండాలన్న నియమం లేదు."

"మీరు రాసుకోండి. నా సంతకం మాత్రం ఉండదు. నన్ను సస్పెండ్ చేసుకోండి."

హెడ్మాస్టరు సంతకం లేకపోతే ఆ నివేదిక చెల్లదు. అప్పుడు టేపు చుట్టుకుంటున్న సహాయకుడు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి బుర్రలవల్లే ఆఫీసులు నడుస్తాయి. ఆయన వినయంగా చెప్పింది ఏమిటంటే, అయిదు వందల అరవై ఎనిమిది మార్కులు రావాలంటే మంచి బడిలోనే చదవాలని మండలి శాస్త్రీయంగా నిరూపించింది. ఈ బాలికకి ఆ మార్కులు వచ్చాయి. కాబట్టి ఈ బాలిక మంచి బడిలోనే చదివి ఉండాలి. ఇక్కడికి దగ్గర్లో ఉన్న మంచి బడి పేట బడి. అయిదేళ్ళ కిందట నమోదు చేసేటప్పుడే పొరపాటు జరిగి ఉంటుంది.

సర్వోత్తమరావు గారు కుర్చీలోంచి లేచి ఆ సహాయకుడి భుజం తట్టారు. అన్నీ సర్దుకున్నాయి. పిల్ల పేట బడి పిల్ల. టీసీ పేట బడి నుంచి వస్తుంది, దాని మీద ముప్ఫై ఒక్క వేలు ఉంటుంది, గురువారం కౌన్సెలింగుకి అడ్డు లేదు. పేట బడిని మించిన మార్కులు పేట బడికే వచ్చాయి. లంక బడిలో ఎవరూ అంచనా దాటలేదు. చేయాల్సిందల్లా, సత్యవేణి అనే విద్యార్థిని ఈ బడిలో ఏనాడూ చదవలేదని హెడ్మాస్టరు ధ్రువీకరించడం, అయిదేళ్ళ రిజిస్టర్లలోనూ ఆ పేరు ఎర్రసిరాతో కొట్టి, ప్రతిచోటా 'పొరపాటున నమోదైనది' అని రాసి పొట్టి సంతకం పెట్టడం. దాంతోపాటు, ఇకమీదట లెక్కలు చెప్పనని ఒక హామీపత్రం. బుధవారం సాయంత్రానికి ఇస్తే చాలు.

జీపు వెళ్ళాక మాస్టారు ధనమ్మకి కబురంపాడు. ఆవిడ షెడ్డు నుంచి అలాగే, రొయ్యల వాసనతో వచ్చి గుమ్మం బయట నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మాస్టారు జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే ఆయనకే సిగ్గేసింది. ధనమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కొట్టేయండి మాస్టారండీ. పేరుదేవుందండి, పిల్ల ఎల్తాది కదా."

సత్యవేణి మాత్రం గోడకి ఆనుకుని నిలబడి తల అడ్డంగా ఊపింది. "నేను పేట బడి గేటు కూడా చూళ్ళేదండి. మీరు తెల్లారగట్ట నేర్చుకుని చెప్పిన లెక్కలు. అక్కడెవరన్నా నీకు లెక్కలెవరు చెప్పేరంటే ఏం చెప్పాలండి?"

"పేటలో లెక్కల మాస్టార్లు నలుగురున్నారమ్మా. ఎవరో ఒకరి పేరు చెప్పు."

పిల్ల ఏడ్చింది. తల్లి విసుక్కుంది, ఏడవడానికి తర్వాత బోలెడు టైముందని. మాస్టారు ఆఫీసు బీరువా తెరిచి హాజరు రిజిస్టర్లు బయటికి తీశాడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు, ఏడాదికి పది నెలలు, మొత్తం యాభై పేజీలు. ఈ పిల్ల బడి మానిన రోజులు చాలా తక్కువ. యాభై చోట్ల ఆ పేరు మీద ఎర్రగీత గీసి, యాభై సార్లు 'పొరపాటున నమోదైనది' అని తన గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆయన చేతిరాత బాగుంటుందని జిల్లా అంతా చెప్పుకునేవారు. ఏడో తరగతి రిజిస్టరు దగ్గరికి వచ్చేసరికి ఒక గీత వంకర పోయింది. దాన్ని దిద్దకుండా వదిలేశాడు. ఆ తర్వాత హామీపత్రం రాశాడు, తెలుగు పండితుడిగా నియమితుడనైన నేను ఇకముందు ఏ విద్యార్థికీ, ఏ సందర్భంలోనూ, ఏ విధమైన గణితమూ బోధించనని.

కాగితాలు అందాక మండలి ఒక్క చిక్కే లేవనెత్తింది. బడిలో చదవని పిల్ల అయిదేళ్ళపాటు మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్లు ఎలా తిన్నదని. పేట బడి తినిపించాల్సిన గుడ్లని లంక బడి తినిపించినందుకు పేట బడి తరఫున ఒక కృతజ్ఞతాపత్రం పంపి ఆ ఫైలు మూసేశారు.

గురువారం సత్యవేణికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. టీసీ చూసి, ముప్ఫై ఒక్క వేల పిల్ల అని వెంటనే చేర్చుకున్నారట. శనివారానికల్లా పేట సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో సత్యవేణి ఫొటో, చుట్టూ నలుగురు లెక్కల మాస్టార్ల ఫొటోలు. వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ పిల్ల ముఖం తెలియదు, అయినా నలుగురూ గర్వంగానే నవ్వుతున్నారు. మండలి వారు ఈ ఉదంతాన్ని పధ్నాలుగో సంపుటంలో చేర్చారు. మంచి బడి పిల్లలే పైచదువులకి వెళ్తారన్న సిద్ధాంతానికి ఇంతకంటే బలమైన రుజువు దొరకదని అందులో రాశారు. లంక బడికి కూడా అన్యాయం చేయలేదు. ముప్ఫైమందికి ముప్ఫైమందీ అంచనా గీత దాటలేదు కాబట్టి 'శూన్య విచలన పాఠశాల' అని ఒక ప్రశంసాపత్రం, అద్దం బిగించి మరీ పంపారు. అవతారం మాస్టారు దాన్ని గోడకి తగిలించలేదు, వాలీబాల్ నెట్టు పక్కన పెట్టాడు.

జూన్‌లో బడి తెరిచారు. కొత్త పదో తరగతిలో ఇరవై తొమ్మిది మంది. పట్టికలో లెక్కల పీరియడు అలాగే ఉంది. ఆ పీరియడులో మాస్టారు వెళ్ళి కూర్చుంటాడు, పిల్లలు పుస్తకం తెరిచి ఆయన ముఖం చూస్తారు, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తాడు. మొదటి వారం ఇలాగే గడిచింది. ఒకసారి ఒక పిల్లాడు బోర్డు మీద తప్పు చేస్తుంటే ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. హామీపత్రం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు.

రెండో వారంలో ఒక పొద్దున్న గంటా సూరిబాబు వచ్చాడు. ఏటి రేవు దగ్గర ఆటో నడుపుతాడు, కూతురు కొత్త పదో తరగతిలో ఉంది. ఖాకీ చొక్కా మీద గుండీలు సరిచేసుకుని, ఆఫీసు గది గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి నిలబడ్డాడు. అడగడానికి మొహమాటపడుతున్నాడని తెలుస్తూనే ఉంది. మాస్టారే ఏమిటి సూరిబాబూ అని అడిగాడు.

"మా పిల్లదాని పేరు కూడా కొట్టేయండి మాస్టారండీ."

మాస్టారికి అర్థం కాలేదు. పిల్లని బడి మాన్పిస్తున్నావా అని గాభరాగా అడిగాడు. సూరిబాబు నాలిక కరుచుకున్నాడు.

"మాన్పించడవేంటండి బాబూ. రోజూ వత్తాది, పేరే వద్దండి. మన బడి పుత్తకంలో పేరున్నోళ్ళకి తొమ్మిది నాలుగొందలంట. కొట్టేసినోళ్ళకి ముప్ఫై ఒకటంట కదండి. ధనమ్మ కూతురు చూడండి, ఎలా ఎల్లిపోయిందో."

ఆ పిల్లకి లెక్కలు వచ్చి వెళ్ళిందయ్యా, పేరు కొట్టడం వల్ల కాదు, అని మాస్టారు చెప్పాడు.

"అయితే మా దానిక్కూడా చెప్పండి లెక్కలు."

"చెప్పనని రాసిచ్చాను."

సూరిబాబు కోపం లేకుండా, ఎగతాళి లేకుండా, తను తెచ్చిన ఎర్రసిరా పెన్ను, కొత్తది, మూత కూడా తీయనిది, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"అందుకేగదండి, పేరన్నా కొట్టేయమంటన్నాను."

అవతారం మాస్టారు తలెత్తి గుమ్మం వైపు చూశాడు. వరండాలో ధనమ్మతో షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు, చేపల బుట్టలు దింపుకున్నవాళ్ళు, పొలం నుంచి అలాగే వచ్చినవాళ్ళు, ఒకరి వెనక ఒకరు గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలో చూసినా తమ పిల్ల పేరు, తరగతి రాసిన చీటీ ఉంది.